చుంచుకి కోడలి పేరు

"ఎలుకకి నా కోడలి పేరేంట్రా? ఇంకేం దొరకలేదా నీకు?"

అత్తగారు ఈ మాట అన్నప్పుడు కోడలు సింక్ దగ్గర నిలబడి మాడిన పాలగిన్నె తోముతోంది. పాలు పొంగింది ఆమె చూసుకోక కాదు. పొయ్యి ముందున్న మనిషిని "ఒక్క నిమిషం ఇలా రా, నీకో మంచిమాట చెప్పాలి" అని భర్త హాల్లోకి పిలిచాడు. ఆయన మంచిమాట చెప్పడం, పాలు పొంగి గిన్నె అడుగంటడం ఒకేసారి జరిగాయి. మంచిమాట ఆయనదీ, గిన్నె ఆమెదీ అయ్యాయి.

"ఎలుక కాదమ్మా, చుంచు," అంటున్నాడు కొడుకు. "దానికీ దీనికీ సంబంధమే లేదు. ఎలుక గింజలు కొరుక్కు తింటుంది. చుంచు పురుగుల్ని పట్టి తింటుంది."

"పురుగులు తినేదానికా! ఇంకా బావుంది."

"అబ్బా, వినమ్మా. లోకంలో ఇంతవరకూ ఎవరికీ తెలీని జంతువు. కొండల మీద దొరికింది. కొత్త జాతి. దానికి నీ కోడలి పేరు, చివర లాటిన్ తోక తగిలించి, పెడుతున్నాను. లోకం ఉన్నంతకాలం నిలిచిపోతుంది. ఏ మొగుడు చేస్తాడు చెప్పు?"

ఆమె నీళ్ళు కట్టేసింది. "మరి రచయితల్లో?" అని అడిగింది వంటింట్లోంచే.

"రచయితల్లో ఏంటి?"

"వ్యాసం మీద. నా పేరు."

ఆయన గుమ్మం దాకా వచ్చాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు, ప్రేమగానే చెప్పాడు. "ఎవరి పేరు పెడుతున్నామో వాళ్ళే వ్యాసం రాస్తే ఏం బావుంటుంది? తన పేరు తనే పెట్టుకుంది అనరూ? రూలని ఎక్కడా లేదనుకో. కానీ మన ఫీల్డులో మర్యాద తెలిసినవాళ్ళెవరూ అలా చెయ్యరు. నీకు తెలీనిదేముంది! అందుకే పైనుంచి నీ పేరు తీసేశాను. సోమవారం పంపించేస్తున్నాను."

అని గిన్నెలోకి తొంగిచూసి, "నానబెట్టు, వచ్చేస్తుంది," అన్నాడు.

ఆమె గిన్నె నానబెట్టింది. నానబెట్టి, అలాగే నిలబడి, తనకి సంతోషం ఎందుకు రావట్లేదా అని వెతుక్కుంది. రావాలి కదా! మనిషి మంచివాడు. చెయ్యెత్తినవాడు కాదు, గొంతెత్తినవాడు కాదు. అలాంటివాడు ఇంత పెద్ద కానుక తెచ్చి చేతిలో పెడితే మొహం మాడ్చుకుని నిలబడ్డ ఆడదాన్ని ఎవరైనా ఏమంటారు? కళ్ళు నెత్తికెక్కాయంటారు. ఆమె కూడా తనని తాను అదే అనుకుంది. అనుకున్నా సంతోషం మాత్రం రాలేదు.

ఆమెకీ ఆయనకీ ఒకటే క్లాసు, ఒకటే డిగ్రీ, ఒకే మైక్రోస్కోపు మీద వంతులేసుకుని పనిచేశారు. ఆయన మ్యూజియంలో జంతువుల విభాగంలో చేరి, పెద్దయి, ఇప్పుడు ఆ విభాగానికి అధికారి. ఆమె కూతురు పుట్టాక మానేసింది. "మానేసింది" అనే అంటారందరూ, తనంతట తనే ఓ పొద్దున లేచి మానేసినట్టు. పిల్లకి జ్వరం వచ్చినప్పుడల్లా సెలవు పెట్టిందెవరో, "ఇద్దరిలో ఒకరు ఇంటిపట్టున ఉండాలి కదా" అన్నదెవరో ఎవరికీ గుర్తులేదు. కూతురు హాస్టలుకి వెళ్ళాక, "ఊరికే ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు, వచ్చి కాస్త సాయం చెయ్యి" అన్నాడు. ఆ "కాస్త" ఏళ్ళు సాగింది. జీతం లేదు, కుర్చీ ఏది ఖాళీగా ఉంటే అది. మెడలో "సందర్శకులు" అని రాసున్న కార్డు. గేటు దగ్గర వాచ్‌మన్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె సార్ గారి మేడమ్.

ఆమె పని పుర్రెలు శుభ్రం చెయ్యడం. నవ్వకండి, అది చాలా నేర్పు కావలసిన పని. చుంచు పుర్రె బొటనవేలి గోరంత కూడా ఉండదు. దాని మీద అంటుకున్న మాంసాన్ని చాకుతో గీకితే పుర్రె పిండైపోతుంది. అందుకని మ్యూజియాల్లో ఒక రకం పురుగుల్ని గాజుపెట్టెలో పెంచుతారు. అవి మాంసం తినేసి ఎముక వదిలేస్తాయి. సరైన సమయంలో తీస్తే పుర్రె అద్దంలా వస్తుంది. మర్చిపోతే అవి చిగుళ్ళ లోపలిదాకా తినేసి పళ్ళు రాలగొడతాయి. ఆ పురుగులకి వెచ్చదనం, తేమ చూసేది, పెట్టె ముందు పడిగాపులు పడేది ఆమే.

పాత సామాన్లలో పై కొండల నుంచి ఎవరో ఎప్పుడో తెచ్చి పడేసిన చుంచులు కొన్ని ఉన్నాయి. వాటి తలలు శుభ్రం చేస్తుంటే చూసింది. చుంచుకి ముందు కొరికే పళ్ళకీ వెనక నమిలే పళ్ళకీ మధ్య చిన్న చిన్న మొనపళ్ళు వరసగా ఉంటాయి. వాటిలో ఆఖరిది ఆవగింజలో సగం ఉంటుంది. ఈ పై కొండల చుంచులకి ఆ ఆఖరిది లేదు.

భర్తకి చూపించింది. "ఎక్కువసేపు వదిలేసుంటావు. ఊడిపోయింది," అన్నాడాయన, తలెత్తకుండానే. "స్టవ్ మీద పాలు మర్చిపోతావు చూడు, అలాగే." పక్కనున్న ఇద్దరు క్లర్కులు మర్యాదకి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇరవయ్యేళ్ళ సంసారంలో అలాంటి చోట నవ్వడం దానంతటదే వచ్చేస్తుంది.

కానీ ఇంటికెళ్ళే దారంతా ఒకటే ఆలోచన. ఊడిన పన్నుకి గుంట ఉండాలి కదా! మనిషికైనా ఎలుకకైనా పన్ను ఊడితే ఎముకలో చోటు మిగులుతుంది. మర్నాడు ఒక్కొక్క తలనీ లెన్సు కింద పెట్టి చూసింది. గుంట లేదు. ఎముక నున్నగా, అతుకు లేకుండా ఉంది. అక్కడ పన్ను ఊడలేదు, అసలెప్పుడూ మొలవలేదు. పుర్రె కూడా మిగతావాటికంటే చదును. రాళ్ళ సందుల్లో దూరి బతికేదాని తల అది. ఆ రోజు ఆమె ఒంటరిగా ఆ గదిలో "అమ్మ దొంగా!" అని పైకే అనేసింది. పుర్రెనే అంది లెండి.

ఆ తర్వాత కథంతా కాళ్ళ మీద నడిచింది. గుంట లేని ఎముక చూపిస్తే ఈసారి ఆయన తలెత్తి చూశాడు, ఇద్దరూ కొండల మీదికి వెళ్ళారు. భర్తకి మోకాళ్ళ నొప్పి, కింది గెస్ట్‌హౌసులో ఉండి అనుమతుల సంగతీ జీపు సంగతీ చూసుకున్నాడు. అదీ పనే, కాదనకూడదు. చెట్లు ఆగిపోయి గడ్డీ బండలూ మాత్రమే మిగిలే ఎత్తుకి ఆమె వెళ్ళింది, ఓ దారి చూపించే మనిషిని వెంటేసుకుని. నేలకి సమానంగా బకెట్లు పాతింది. పొద్దున్నే వేళ్ళు కొంకర్లు పోతుంటే వెళ్ళి ఒక్కో బకెట్లోకీ తొంగిచూసింది. చాలా రోజులు వానపాములూ, పేడపురుగులూ తప్ప ఏమీ పడలేదు. పడిన రోజు, బకెట్ అడుగున రెండు జీడిపప్పులంత బరువుండే బూడిదరంగు ప్రాణి, పొడుగు మూతి అన్నివైపులా తిప్పుతూ, ఆమె మీద కోపంతో కిచకిచలాడింది. అరచేతిలోకి తీసుకుంటే దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే దెబ్బలు లెక్కపెట్టడం కుదర్లేదు. ఆమె అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చింది. అంత సంతోషం కూతురు పుట్టినప్పుడు కూడా కలగలేదంటే అత్తగారు ఇంట్లోకి రానివ్వదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక భోజనాల బల్లే ఆమె ఆఫీసైంది. కొన్ని చుంచులు డబ్బాల్లో ఫ్రిజ్‌లోకి చేరాయి. అత్తగారు పెరుగనుకుని ఒక డబ్బా మూత తీసింది. ఆవిడ వేసిన కేకకి పక్కవాటావాళ్ళు తలుపు కొట్టారు. "నా ఇంట్లో నేను అన్నం తినాలంటే ముందు శవాలు జరపాలి," అని చుట్టాలందరికీ చెప్పుకుంది. చెప్పుకుంటూనే, రాత్రి కోడలు పని చేసుకుంటుంటే కళ్ళు పోతాయే అని పెద్ద బల్బు వేయించింది కూడా ఆవిడే. ఆ బల్బు కింద ఆమె కొలతలు తీసింది, ఊళ్ళూ దేశాలూ దాటి వేరే మ్యూజియాల చుంచులతో పోల్చింది, కండ ముక్కలు డీఎన్ఏ పరీక్షకి పంపింది. పరీక్ష కూడా అదే మాట చెప్పింది, ఇది వేరే జాతి అని. వ్యాసం రాసింది. ఆయన ముందుమాట రాసి, మధ్యలో భాష సరిచేశాడు.

అంతకుముందు ఆయన రాసిన వ్యాసాల్లో ఆఖర్న, కరెంటు ఇచ్చినవాళ్ళకీ జీపు ఇచ్చినవాళ్ళకీ కృతజ్ఞతలు చెప్పేచోట, "ఎంతో ఓపికతో సహకరించిన నా భార్యకు" అని ఉండేది. ఈసారి అలా వద్దని నోరు తెరిచి అడిగింది. "రచయితల్లో నా పేరుండాలి," అంది. "ఉంటుందిలే, ఎందుకుండదు," అన్నాడాయన పేపరు తిప్పుతూ. ఆమెకి అది చాలా పెద్ద మాట. అప్పట్నుంచి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, తన పేరున్న పేజీ కళ్ళ ముందుకి వచ్చేది.

జంతుశాస్త్రంలో ఒక పద్ధతి ఉంది. ఏ జాతినైనా మొదట వర్ణించి లోకానికి చెప్పినవాళ్ళ పేరు ఆ జాతి పేరు వెనకాల వేస్తారు, సంవత్సరంతో సహా. వందేళ్ళ తర్వాత ఎవరో ఆ చుంచు గురించి ఒక్క ముక్క రాయాలన్నా, వెనకాల ఆ పేరు రాయాల్సిందే. ముందు పేరు జంతువుది, వెనక పేరు పనిచేసిన మనిషిది. ఆయన ఆమెని వెనకనుంచి తీసి ముందు పెట్టాడు. ముందు పెట్టినందుకు ఇల్లంతా చప్పట్లు.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు ఫోన్. "వదినా, అదృష్టమంటే నీది! మా ఆయన నా పేరు ఫోన్లో కూడా సరిగ్గా సేవ్ చేసుకోలేదు, తెలుసా?" కూతురు హాస్టల్ నుంచి, "అమ్మా, నువ్వు ఫేమస్! నాన్న ఎంత స్వీటో!" అంది. అత్తగారు కూడా రాత్రంతా ఆలోచించుకుని మెత్తబడింది. "పోనీలే, చుంచైతేనేం, నీ పేరేగా," అని కాఫీలో చక్కెర ఒక చెంచా ఎక్కువేసిచ్చింది. అందరూ సంతోషంగా ఉన్నారు. ఈ సంతోషంలో తన ఒక్కదాని మొహం ఎక్కడ దాచుకోవాలో తెలీక ఆమె మ్యూజియానికి వెళ్ళిపోయింది.

మ్యూజియంలో కప్పలావిడ అని ఒకావిడ ఉంది. రిటైరై చాలాకాలమైంది, అయినా రోజూ వస్తుంది, సీసాల్లో ఉన్న కప్పలతో తప్ప ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. కొండమీద దొరికే ఒక చిన్న కప్పకి ఆవిడ పేరుంది. దాన్నిబట్టే ఆవిడకి ఆ బిరుదు. చుంచు సంగతి ఆవిడకీ చేరినట్టుంది, ఆ రోజు మెట్ల దగ్గర ఎదురై ఆగింది.

"నీకు కంగ్రాట్స్ చెప్పనా, ఓదార్చనా?" అంది.

ఆమె మెడలో కార్డు సర్దుకుంది. "మీకూ కప్ప ఉంది కదండీ," అంది. "మీ గురువుగారు గౌరవంగా పెట్టారని అంటారు."

"గౌరవమే. ఆయన చాలా మంచివాడు, ఒట్టు. ఆ కప్ప అరుపు తేడాగా ఉందని వానలో గొడుగేసుకుని కూర్చుని కనిపెట్టింది నేను. వర్ణించింది నేను. ఆయన నా పేరు దానికి పెట్టి, తన పేరు వెనకాల పెట్టుకున్నాడు. నేను పొంగిపోయి వీధంతా చెప్పుకున్నా. కొన్నేళ్ళకి ఓ మీటింగులో పెద్దమనిషొకాయన నన్ను చూసి, 'ఓహో, మీరేనా ఆ కప్ప!' అన్నాడు. కాదు బాబూ, నేను మనిషిని అన్నాను. జోకనుకుని పడీపడీ నవ్వాడు."

"వద్దని ఎందుకు అనలేకపోయారు?"

"కానుక వద్దంటే పొగరంటారని భయం. అదీగాక, నాకు బాధెందుకో నాకే తెలీలేదు. నాకేదో పిచ్చనుకున్నా." ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నీకు పిచ్చి లేదు. ఈ మాట నాకప్పుడు ఎవరూ చెప్పలేదు, అందుకని నీకు చెప్తున్నా. పోయి పని చూసుకో."

ఆమె వెళ్ళి పక్షుల గదిలో, ఎవరూ రాని మూల, బీరువాకి ఆనుకుని కాసేపు ఏడ్చింది. అది దుఃఖం కాదు. బిగుతు చెప్పులు విప్పినప్పుడు కాళ్ళకి ఎలా ఉంటుందో అలా ఉంది. తను కృతఘ్నురాలు కాదు. తనకి కళ్ళు నెత్తికెక్కలేదు. తన వస్తువు తీసుకుని తనకే కానుకగా ఇస్తే సంతోషం రాకపోవడం రోగం కాదు. ముక్కు తుడుచుకుని, పురుగుల పెట్టెకి నీళ్ళు చల్లి, ఇంటికి బయల్దేరింది.

బస్సులో ఏం చెప్పాలో కూర్చుకుంది. "నేను ఇంత పని చేశాను" అని మొదలుపెడితే ఆయన "ఎవరు కాదన్నారు" అంటాడు. "నాకు ఈ గౌరవం వద్దు" అంటే నొచ్చుకుంటాడు, నొచ్చుకుంటే భోజనం దగ్గర మౌనం, ఆ మౌనం తట్టుకోలేక తనే వెళ్ళి సర్లెండి అంటుంది. తన సంగతి తనకి తెలీదూ! ఈసారి అలా కాకూడదు. పేరు తిరిగి పెట్టాలి, లేకపోతే వ్యాసం బయటికి వెళ్ళకూడదు. ఇంత మాత్రం గట్టిగా అనేసుకుంది. అలా అనుకుంటుండగా ఇంకో ఆలోచన తట్టి, పక్కసీటావిడ తిరిగి చూసేంతగా నవ్వొచ్చింది.

ఆదివారం పొద్దున ఆయన భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందేసుకుని ఆఖరిసారి చూసుకుంటున్నాడు. అత్తగారు పక్కన కూర్చుని బఠాణీలు వలుస్తోంది. ఆమె మూడు కాఫీలు తెచ్చి, ఒకటి తన ముందే పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమండీ, నేనూ మీకో కానుక ఇద్దామనుకుంటున్నాను."

"నాకా? ఎందుకిప్పుడు?"

"చుంచుకి మీ పేరు పెడతాను."

ఆయన నవ్వాడు. అత్తగారి చేతిలో బఠాణీ ఆగిపోయింది.

"జోకు కాదండీ. ఇన్నేళ్ళు మ్యూజియంలో పనిచేశారు. జీపులనీ అనుమతులనీ నాకోసం ఎంత తిరిగారు! లోకం ఉన్నంతకాలం మీ పేరు నిలిచిపోవద్దూ? వ్యాసం ఎలాగూ రాసింది నేనే. పైన నా పేరు పెట్టి రేపు నేనే పంపించేస్తాను."

"ఆఁ! అదీ మాట!" అంది అత్తగారు, మొహం ఇంత చేసుకుని. "మా వంశంలో ఎవరికి దక్కిందమ్మా! ఎలుకైతేనేం."

"చుంచు, అత్తయ్యా."

"చుంచే! బంగారంలాంటి చుంచు. ఒరే, సరేనను."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. "అమ్మా, నువ్వుండు. అదెలా కుదురుతుంది?"

"ఎందుకు కుదరదురా? పెళ్ళాం అంత గౌరవం చేస్తానంటుంటే!"

"గౌరవం ఏంటమ్మా, నీకు తెలీదు. దానికి నా పేరు పెడితే నేను వ్యాసం రాయకూడదు. నా పేరు పైన ఉండకూడదు. ఎవరికీ నేను చేసినట్టే తెలీదు." గొంతు పెరిగింది. "అప్పుడు నేను పడ్డ కష్టమంతా ఏమైపోవాలి?"

అత్తగారు కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడ చదువుకోలేదు గానీ మాటకి మాట గుర్తుపెట్టుకుంటుంది.

"మరి మొన్న దీనికి చేసింది గౌరవమన్నావే?" అంది.

అడగడంలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆమెకి ఆయన మీద జాలేసింది. జాలి పడ్డా, ఎప్పట్లా సర్లెండి అనలేదు. హమ్మయ్య అనుకుని కాఫీ తాగింది. ఇన్నేళ్ళలో వేడిగా ఉండగా తాగిన కాఫీలు తక్కువ. అత్తగారు మళ్ళీ బఠాణీలు వలవడం మొదలుపెట్టింది, చప్పుడు కాకుండా.

కాఫీ కప్పు పక్కకి జరిపి ఆయన అన్నాడు. "నాకు ఇలా తట్టలేదు. నిజంగా తట్టలేదు."

"తెలుసు."

"నీకు కోపం వచ్చిందా?"

"వచ్చింది. ఇంకా ఉంది. కాసేపుంటుంది."

ఆయన తలూపి, లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. "మరి దానికేం పేరు పెడదాం?" అని అడిగాడు. అడిగిన తర్వాత, "పెడతావు?" అని సరిచేసుకున్నాడు.

"చదును తలది. ఆ మాటే లాటిన్లో. ఎవరి పేరూ వద్దు దానికి."

అత్తగారు నిట్టూర్చింది, వంశం పేరు చేజారిపోయినందుకు. ఆమె పేజీ పైకి వెళ్ళి, జంతువు పేరు ఉన్నచోట తన పేరు చెరిపేసింది. మనుషుల పేర్లుండే చోట మొదట తన పేరు కొట్టింది, పక్కన ఆయనది.

"నా పేరు రెండోదా?" అన్నాడాయన, కొంచెం చిన్నబుచ్చుకుని.

"రెండోదే," అందామె. "మీరు ఆ బఠాణీలు కాస్త అందుకోండి, నాకిక్కడ పనుంది."